ఓడ పుట్టుక, ఓడ పెరుగుదల

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానములలో ప్రత్తి తెల్లగా విచ్చుకొని, మిరపకల్లములు ఎఱ్ఱని తివాచీలవలె పఱచుకొని యుండు మాసములలో, ఆ యూళ్లవారికి సముద్రము తలపునకు రాదు. చేను, కల్లము, బండి, లారీ, ప్రత్తి మిల్లు, మిర్చి యార్డు – ఇవియే వారి లోకము. అయినను గుంటూరు యార్డులో తూకమైన మిరపటిక్కీలలో ఒక భాగము సింహళమునకును, మలేషియాకును, చైనాకును పోవుచున్నది. అంత బరువు అంత దూరము పోవుటకు ఓడయే సాధనము. చేను పండించినవాని చేతిలో నున్నది. ఓడ ఎవరి చేతిలో నున్నది? ఈ ప్రశ్న నేటిది కాదు. ఈ తీరమున ఇది రెండువేల యేండ్ల నాటి ప్రశ్న.

అమరావతి స్తూపమునకు చేరువనే ధరణికోట యను గ్రామము కలదు. శాతవాహనుల కాలమున ధాన్యకటకమని పేరొందిన పట్టణమిదియే. 1962 మొదలుకొని కొన్ని సంవత్సరములు భారత పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. పడవలు వచ్చిపోవు కాలువ యొకటియు, దాని గట్టున సరకులు దించు రేవుకట్టడమొకటియు బయల్పడినవి. ఆ రేవు మొదట కొయ్యతో కట్టబడినది. తరువాతి కాలమున ఇటుకలతో మరల కట్టబడినది. వర్తకము పెరిగినకొలది రేవు కూడ గట్టిపడినదన్నమాట. శాతవాహన రాజులు రెండు తెరచాపకొయ్యలుగల ఓడబొమ్మను తమ నాణెములపై ముద్రించిరి. రాజు తన నాణెముపై ఓడను వేయించుకొనెననిన, ఆ రాజ్యమునకు ఓడ ఎంతటి వస్తువో వేరుగ చెప్పనక్కరలేదు.

సముద్రపుటొడ్డుననే యున్న మోటుపల్లి కథ ఇంకను స్పష్టమైనది. చినగంజాము చెంతనున్న ఈ పల్లె చిరకాలము ప్రకాశం జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున బాపట్ల జిల్లాలో చేరినది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కాలమున ఇది గొప్ప రేవు. అప్పటికి ఈ తీరమున ఒక క్రూరమైన ఆచారముండెను. తుఫానులో చిక్కి, దారితప్పి, విరిగి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలోని సరకునంతయు ఆ ప్రాంతపు రాజు తనదని లాగుకొనెడివాడు. ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చిన వర్తకుడు గాలివలన సగము, రాజువలన సగము చెడెడివాడు. గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లిలో శాసనము వేయించి, ఈ దోపిడిని మాన్పించెను. ఎగుమతి, దిగుమతి సరకులపై ముప్పదింట ఒకవంతు సుంకము మాత్రమే చాలునని నిర్ణయించెను. అందుచేత దానికి అభయశాసనమను పేరు వచ్చినది. ఆ శతాబ్దపు చివరిభాగమున ఈ తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, ఇచ్చటి వస్త్రములు సాలెగూటి దారమువలె నుండునని మెచ్చుకొనెను. ఆ వస్త్రములు ప్రత్తి పండించు ఈ మైదానపు సీమ సరకు.

తరువాత విదేశీయులు తమ ఓడలతో తామే వచ్చిరి. 1611వ సంవత్సరమున గ్లోబ్ అను ఆంగ్లేయుల ఓడ నిజాంపట్నము రేవునకు వచ్చెను. అప్పటి విదేశీయులు ఆ రేవును పెద్దపల్లి యనుటకు బదులు పెట్టపోలి యనెడివారు. అయినను ఆ దినములలో ఓడ కట్టు విద్య ఇంకను మనవారి చేతిలోనే యుండెను. గోదావరి ముఖమున నరసాపురములో ఆంగ్లేయుల కంపెనీ సైతము ఓడలు కట్టించుకొనెడిది. కోరంగిలో ఓడలు కట్టుటయు, మరమ్మతు చేయుటయు 19వ శతాబ్దమున గూడ సాగెను. 1839లో వచ్చిన ఘోరమైన తుఫాను కోరంగిని ఊడ్చివేసెను. కాని ఈ విద్యను ముంచినది తుఫాను ఒక్కటియే కాదు. ఆ శతాబ్దమున ఓడకు ఆవిరియంత్రమును, ఇనుపదేహమును వచ్చినవి. టేకుదూలమును చూచి దాని వంపును కంటితోనే నిర్ణయింపగల వడ్రంగికి, ఇనుపరేకును వంచు యంత్రము లేదు. ఆ యంత్రములను కొనుటకు మూలధనము లేదు; మూలధనము కూర్చుటకు ప్రభుత్వపు ప్రోత్సాహము లేదు. చూచుచుండగనే ప్రత్తి మనది, ఓడ పరులది అయినది. సరకునకు కిరాయి ఎంతయో ఓడవాడు చెప్పవలెను, రైతు వినవలెను.

ఈ స్థితిని మార్చుటకు పూనుకొన్నది సింధియా స్టీం నావిగేషన్ కంపెనీ. 1919 ఏప్రిల్ 5వ తేదీన ఆ కంపెనీవారి లాయల్టీ యను ఓడ బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. నేటికిని ఆ దినమును జాతీయ నౌకాదినముగా జరుపుచున్నారు. విదేశీ కంపెనీలు ఊరకుండలేదు. కిరాయిలను నష్టమునకు తగ్గించియైనను క్రొత్తవారిని ముంచవలెనని చూచినవి. సింధియా కంపెనీ సారథులలో ముఖ్యుడైన వాల్‌చంద్ హీరాచంద్ ఆ పోటీకి నిలిచెను. విదేశములలో కొన్న ఓడలతో ఎంతకాలము నెగ్గుకొనిరాగలము, ఓడ కట్టు స్థలము మనదిగ నుండవలె నని అతని పట్టుదల. మొదట కలకత్తాలో స్థలము కొఱకు యత్నించిరి, అది సాధ్యపడలేదు. తుదకు విశాఖపట్నమును ఎన్నుకొనిరి.

విశాఖపట్నము నిజముగా తగిన చోటు. ఒకవైపు డాల్ఫిన్స్ నోస్ అను కొండ సముద్రపు గాలికి అడ్డముగ నిలిచియున్నది. దాని చాటున, లోతట్టున, ఓడరేవు అప్పటికే ఏర్పడియుండెను. ఆ రేవులోనికి 1933 అక్టోబరు 7వ తేదీన మొట్టమొదట ప్రవేశించినది జలదుర్గ యను ఓడ. అదియు సింధియా కంపెనీదే.

1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదు విశాఖపట్నములో నౌకానిర్మాణ కేంద్రమునకు శంకుస్థాపన చేసెను. అప్పటికి రెండవ ప్రపంచయుద్ధము సాగుచున్నది. యంత్రములు దొరకుట కష్టము. దొరికినను ఓడలపై రావలెను, ఓడలేమో యుద్ధమునకు పోయినవి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్నముపై బాంబులు వేసెను. ఊరు సగము ఖాళీ యయ్యెను. షిప్‌యార్డు పని ఆగెను. యుద్ధము ముగిసిన పిదపనే ఆ పని మరల ఊపందుకొన్నది.

ఓడ ఎట్లు పుట్టునో ఇచ్చట కొంచెము నిలిచి చూడవలెను.

కృష్ణ యొడ్డున పడవ చేయు వడ్రంగి పటము గీసికొనడు. అతని పటము అతని తలలో నున్నది. కాని పెద్ద ఓడకు ఆ పద్ధతి చెల్లదు. మొదట కాగితముపై గీసిన రేఖలను, ఆ దినములలో, విశాలమైన శాలలో నేలమీద నిజమైన కొలతకు పెంచి గీసెడివారు. ఓడ ముక్కు ఎంత వంపు తిరిగి యుండవలెనో అంత వంపును నేలమీద నడచి చూడవచ్చును. ఆ గీతలనుబట్టి నమూనాలు చేసి, వానినిబట్టి ఉక్కురేకులను కోసి వంచెడివారు. నేడు ఆ పని కంప్యూటరు చేయుచున్నది. సూత్రము మాత్రము మారలేదు.

పిమ్మట నీటివైపునకు ఏటవాలుగ దిగు కట్టడముపై ఓడ వెన్నుదూలమును పఱతురు. మనిషికి వెన్నెముక యెట్లో ఓడకు అది యట్లు. దానికి ఇరువైపుల పక్కటెముకలవలె వంపు తిరిగిన ఉక్కుకమ్ములు నిలిపి, వానిపై రేకులు తాపుదురు. పూర్వము ఎఱ్ఱగ కాల్చిన మేకులను రేకుల రంధ్రములలో దూర్చి సమ్మెటలతో కొట్టి బిగించెడివారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమునుండి వెల్డింగు ఆ స్థానమును ఆక్రమించినది. ఓడ లోపల అడ్డుగోడలు కట్టి గదులుగ విభజింతురు. ఒకచోట చిల్లి పడినను నీరు ఆ గదితో ఆగిపోవలెనని దీని యుద్దేశము.

ఉక్కు నీటిలో మునుగును గదా, ఉక్కు ఓడ ఎట్లు తేలునని బాలురకు సందేహము కలుగును. ఇనుపముద్దను చెరువులో వేసిన మునుగును. ఆ ముద్దనే సాగగొట్టి మూకుడు చేసి వదలిన తేలును. మూకుడు తనకు చోటు చేసికొనుటకై ఎంత నీటిని ప్రక్కకు నెట్టునో, ఆ నీటి బరువు మూకుడు బరువునకు సరిపోయినపుడు అది తేలుచుండును. ఓడ యనగా మిక్కిలి పెద్ద మూకుడు. అందులో సరకు వేసినకొలది అది ఇంకొంత దిగి ఇంకొంత నీటిని నెట్టును. ఈ లెక్కయే ఓడ కట్టువారి మొదటి పాఠము.

దేహము సిద్ధమైన పిదప వచ్చునది జలప్రవేశము. ఇది చూపరులకు పండుగ, కట్టినవారికి గుండెదడ. వాలుబాటకు క్రొవ్వు, జిడ్డు పూసి, ఆపియున్న దిమ్మెలను ఒక్కొక్కటే తొలగింతురు. వేలకొలది టన్నుల ఓడ వెనుకభాగము ముందుగా జారుచు నీటిలో ప్రవేశించును. అపాయకరమైన నిమిషము అప్పుడే వచ్చును. వెనుకభాగము నీటిలో తేలి పైకి లేచుచుండగా, ముందుభాగమింకను గట్టుపైననే యుండును. అప్పుడు నీరు మోయని బరువంతయు ఓడ ముందరికొనపై ఆనును. లెక్క తప్పిన యెడల, సముద్రమును చూడకమునుపే ఓడ గాయపడును.

1948 మార్చి 14వ తేదీన విశాఖపట్నములో ఆ పరీక్ష జరిగినది. స్వతంత్ర భారతమునకు మొదటి ప్రధానియైన జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి ఆ ఓడను జలములలోనికి వదలెను. దాని పేరు జల ఉష. ఎనిమిదివేల టన్నుల బరువు మోయగల ఓడ యది. నేటి ఓడలతో పోల్చిన అది చిన్నది. కాని అది జారినపుడు దానితో కూడ జారిన బరువు ఇంకొకటి కలదు: ఈ దేశమువారు పెద్ద ఉక్కు ఓడను కట్టజాలరను మాట.

ఆ పిదప కేంద్రపు చరిత్ర నేరుగ సాగినదని చెప్పరాదు. ప్రైవేటు కంపెనీ ఆ భారమును మోయలేకపోయెను. 1952లో హిందూస్థాన్ షిప్‌యార్డు అను పేర సంస్థ ఏర్పడి, మూడింట రెండువంతులు ప్రభుత్వముపాలయ్యెను. 1961లో తక్కిన వంతును ప్రభుత్వమే పుచ్చుకొనెను. ఫ్రాన్సు దేశపు నిపుణుల సాయముతో పనివారు శిక్షణ పొందిరి. 1971లో డ్రైడాక్ పనిలోనికి వచ్చెను. డ్రైడాక్ అనగా ఓడ పట్టునంత పెద్ద తొట్టి. తలుపు తెఱచి నీటితో కూడ ఓడను లోనికి రానిచ్చి, తలుపు మూసి నీరు తోడివేసిన యెడల, ఓడ దిమ్మెలపై పొడిగ కూర్చుండును. అడుగుభాగమును కడుగుటకైనను, కోయుటకైనను అప్పుడు వీలగును. ఈ తొట్టిని జ్ఞాపకముంచుకొనుట మంచిది. దీని ప్రసక్తి మరల వచ్చును. సంస్థ ఎన్నో యేండ్లు నష్టములతో నడచినమాటయు, ఓడలు గడువునకు అందక కొన్నవారు విసిగినమాటయు నిజమే. 2010లో అది రక్షణశాఖ చేతిలోనికి పోయెను. ఇంతవరకు రెండు వందలకు పైగా నౌకలు అచ్చట పుట్టినవి. 2024లో నౌకాదళము కొఱకు ఒక్కొక్కటి 44 వేల టన్నుల పరిమాణముగల ఐదు సహాయక నౌకలలో మొదటిదానికి ఉక్కు కోత ప్రారంభమైనది. ఈ టన్నులు ఓడ మొత్తము బరువును చెప్పును. జల ఉష టన్నులు అది మోయు బరువును చెప్పినవి. రెంటిని నేరుగ పోల్చరాదు.

విశాఖపట్నములో సరకు ఓడలే కాక మనుష్యులను మోయు ఓడలును కట్టిరి. అండమాను దీవులకు పోవు, పండ్రెండు వందల మందిని మోయగల స్వరాజ్ ద్వీప్ 1999లో ఇచ్చటనే తయారైనది. ప్రయాణీకుల ఓడ సరకు ఓడకంటె చిక్కైనది. ప్రత్తిబేలు ఉన్నచోటనే యుండును, మనుష్యుడు తిరుగును. తీరము కనబడినంతనే అందఱు ఒకే ప్రక్కకు పరుగెత్తుదురు. వారికి త్రాగునీరు, వంట, గాలి, దీపములు, నిప్పంటుకొనిన పారిపోవు దారులు, ప్రాణరక్షక పడవలు ఉండవలెను. గదుల అంతస్తులు పైకి లేచినకొలది ఓడకు తలబరువు ఎక్కువగును. దానికి తగినట్లు అడుగున బరువును కూర్పవలెను.

విహారనౌక ఈ జాతిలోనిదే. అండమాను ఓడ ఎక్కినవాడు అండమాను చేరుటకై ఎక్కును; విహారనౌక ఎక్కినవాడు ఓడలో నుండుటకే ఎక్కును. ఓడయే హోటలు, ఓడయే ఊరు. 2022 జూన్ నెలలో ఎంప్రెస్ అను విహారనౌక విశాఖపట్నమునకు వచ్చి పుదుచ్చేరి, చెన్నపట్టణములకు ప్రయాణములు సాగించినపుడు, తెలుగువారు పలువురు ఇట్టి ఓడను మొదటిసారిగా దగ్గఱనుండి చూచిరి. మఱుసటి సంవత్సరము విశాఖ రేవులో ఇట్టి నౌకల కొఱకే టెర్మినల్ ప్రారంభమైనది. ఎంప్రెస్ 1990లో ఫ్రాన్సులో కట్టబడినది. అది మొదట రాయల్ కరీబియన్ కంపెనీకి పనిచేసినది. ఓడలను నడిమికి కోసి పెంచుటలో పేరొందినది ఆ కంపెనీయే.

ఓడను పెంచుటయా! చెట్టు పెరుగును, దూడ పెరుగును, ఓడ ఎట్లు పెరుగును? అవసరము పెంచును. ఆ కంపెనీవారి మొదటి నౌక సాంగ్ ఆఫ్ నార్వే 1970లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో తయారైనది. సుమారు ఏడువందల మందికి అందు చోటు. కొద్దియేండ్లలోనే చోటు చాలక అడిగినవారిని త్రిప్పిపంపవలసి వచ్చెను. క్రొత్త ఓడ కట్టించిన యెడల క్రొత్త యంత్రములు, క్రొత్త నావికులు, అన్నియు క్రొత్తవే కావలెను, ఏండ్లు పట్టును. ఉన్న ఓడనే పొడిగించిన యెడల ఉన్న యంత్రములే పనికివచ్చును. 1978లో ఆ ఓడను పుట్టిన చోటికే తీసికొనిపోయి, రెండుగా కోసి, నడుమ 85 అడుగుల ముక్కను చేర్చి అతికిరి. చోటు వేయిమందికి పైబడినది. సరకు ఓడలను ఇట్లు పొడిగించుట పూర్వమే కలదు. విహారనౌకలలో ఇది తొలిసాహసములలో నొకటి.

పొడవే పెంచుట యెందులకు? వెడల్పు పెంచరాదా? వెడల్పు పెరిగిన ఓడ నీటిని ఎదురొడ్డి నెట్టవలసి వచ్చి వేగము తగ్గును. సన్నని పొడుగుపాటి దేహము నీటిని చీల్చుకొని పోవును. పొడవు కొంత పెరిగినను, అవే యంత్రములతో ఓడ ఇంచుమించు మునుపటి వేగముతోనే పోగలదు. ఇక నడుమనే కోయుట యెందులకనగా, ఓడ ముక్కును తోకయు వంపులు తిరిగియుండును. నడుమ భాగము పెట్టెవలె చాలదూరము ఒకే కొలతతో సాగును. అచ్చట చేర్చిన ముక్క ఇరువైపుల అంచులకు సరిగ సరిపోవును. ముందున్న చుక్కాని గదిని గాని, వెనుకనున్న యంత్రములను, ప్రొపెల్లరులను గాని కదల్పనక్కరలేదు.

కాని ఇందులో ఒక చిక్కు దాగియున్నది. కావడి మోయువానిని చూచినవారికి అది సులభముగ బోధపడును. బద్ద నడుమ భుజముపై నుండును; కుండలు వ్రేలాడు కొనలు క్రిందికి వంగును. పెద్ద అలయొకటి ఓడ నడుము క్రింద లేచినపుడు ఓడకు ఆ కావడిబద్ద గతియే పట్టును: నడుము లేచి, కొనలు వ్రాలును. అలలు రెండుకొనల క్రింద లేచి నడుమ పల్లమేర్పడినపుడు, పిల్లకాలువపై వేసిన పలకమీద బరువైన మనుష్యుడు నడచినట్లు, ఓడ నడుము క్రిందికి జారును. సముద్రమున ఓడ రాత్రింబవళ్లు ఇట్లు వంగుచు, లేచుచునే యుండును. బద్ద ఎంత పొడవైన అంత ఎక్కువ వంగును. ఆ వంపు భారమంతయు నడుమనే పడును. కోసి అతికినదియు ఆ నడుమనే! కావున క్రొత్త ముక్కను చేర్చినంతనే చాలదు. ఓడ పై తట్టునను, అడుగునను దళసరి ఉక్కుపట్టీలు వేసి, పాత దేహమును గూడ బలపఱుపవలెను. ఈ లెక్క రానివాడు ఓడను కోయుటకు తగడు.

2005లో ఎన్‌చాంట్‌మెంట్ ఆఫ్ ది సీస్ అను నౌకకు జరిగిన శస్త్రచికిత్స మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇదియు హెల్సింకీలోనే 1997లో కట్టబడినది. పొడవు 279 మీటర్లు. గుంటూరులో ఏ సినిమాహాలు ముందు నిలిపినను వీధి చాలదు. దీనికి చేర్చవలసిన 22 మీటర్ల ముక్కను ముందుగనే ఫిన్లాండులో సిద్ధముచేసిరి. అది ఉత్త ఉక్కుడొల్ల కాదు. అంతస్తులు, 151 గదులకు కావలసిన చోటు అందు ఇమిడియున్నవి. దానిని ఒక చదునైన పెద్దపడవపై నెక్కించి, సముద్రముపై లాగుకొని, హాలండులోని రాటర్‌డాం రేవునకు తెచ్చిరి. అచ్చటి డ్రైడాక్‌లో ఓడను నిలిపి నీరు తోడివేసిరి.

కోతకు ముందు ఒక పెద్ద పని కలదు. ఓడ నడుముగుండ నీటిగొట్టములు, చమురుగొట్టములు, విద్యుత్తీగలు, చల్లగాలి మార్గములు వందలకొలది పోవుచుండును. ఒక్కొక్కదానికి గుర్తు వేసి, తెంపిన పిదప ఏది దేనితో కలియవలెనో వ్రాసిపెట్టుకొనవలెను. చీరాలలో మగ్గము దగ్గఱ అచ్చు అతుకువారు ఈ పనిని ఇట్టే గ్రహింతురు. పాత పడుగు అయిపోవచ్చినపుడు, క్రొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాత పడుగులోని దాని జతపోగుతోనే అతుకుదురు. వేలకొలది పోగులలో ఒకటి తప్పినను నేత చెడును. ఓడలో తప్పిన పోగు గుడ్డను చెఱుపుటతో పోదు. దీపమారును, లేదా నిప్పుపుట్టును.

అటుపిమ్మట గీచిన గీత వెంబడి, అడుగునుండి పై అంతస్తువరకు, గ్యాసుమంటతో ఉక్కును కోయుదురు. కోత పూర్తియైనపుడు ఓడ ఓడ కాదు, రెండు కట్టడములు. ఇట్టి పనులలో ఒక సగమును ఉక్కుపట్టాలపై జాకీల బలముతో అంగుళమంగుళముగ జరుపుట యొక పద్ధతి; డాకులోనికి నీరు వదలి తేల్చి జరుపుట మఱియొక పద్ధతి. ఎడమైన ఆ సందులోనికి క్రొత్త ముక్కను చేర్తురు. వేల టన్నుల బరువుగల అంచులు మిల్లీమీటర్ల తేడాలో ఒకదానికొకటి ఎదురుగ నిలువవలెను. ఎండ తగిలిన వైపు ఉక్కు సాగును, నీడవైపు సాగదు. అందుచేత కొలతలను తెల్లవారుజామున, ఉక్కంతయు ఒకే చల్లదనముతో నున్నప్పుడు చూచుకొందురు. కొలత కుదిరిన పిదప వెల్డింగు. అతుకులోపల గాలిబుడగగాని, పగులుగాని దాగియున్నదేమో యని, వైద్యుడు ఎముకను చూచునట్లు, ఎక్స్‌రేతో పరీక్షింతురు.

అతికిన ఓడకు పాత కాగితములు చెల్లవు. దాని బరువు, దాని తూకము, దాని తలబరువు అన్నియు మారినవి. వీనిని తెలిసికొను పరీక్ష చాల సామాన్యముగ కనబడును. నిశ్చలమైన నీటిలో ఓడను నిలిపి, ముందుగ తూచియుంచిన బరువులను డెక్కుపై ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు జరుపుదురు. ఓడ లోపల, మేస్త్రీ గోడ నిలువు చూచుటకు వ్రేలాడదీయు గుండువంటి గుండును పొడుగైన త్రాటికి కట్టి యుంతురు. ఓడ ఏ మాత్రము ఒరిగినను గుండు ఒక ప్రక్కకు తొలగును. ఎంత బరువును ఎంత దూరము జరిపిన ఎంత ఒరిగినదో దానినిబట్టి లెక్కవేసి, తుఫానులో ఆ ఓడ ఎంతవరకు ఒరిగి మరల నిలువగలదో చెప్పుదురు. మూడువందల మీటర్ల నౌక భవితవ్యమును తెలుపుటకు ఒక గుండు, ఒక త్రాడు చాలును!

పిమ్మట సముద్రములోనికి తీసికొనిపోయి పూర్తివేగముతో నడిపి, చటుక్కున ఆపి, గుండ్రముగ త్రిప్పి చూతురు. పొడుగైన ఓడ మునుపటికంటె పెద్ద వలయములో తిరుగును. నావికులు తమ చేతివాటమును మార్చుకొనవలెను. ఏయే రేవుల గట్టునకు అది పట్టునో, ఏయే రేవులలో తిరుగుటకు చోటు చాలదో క్రొత్తగ పట్టిక వేసికొనవలెను. ఎన్‌చాంట్‌మెంట్ ఈ పరీక్షలన్నియు ముగించుకొని, 301 మీటర్ల పొడవుతో, 2005లోనే మరల ప్రయాణీకులను ఎక్కించుకొని బయలుదేరెను. ముక్కుపై నున్న పేరును మాత్రము ఎవరును మార్చలేదు.